రెండు సెకన్ల చదువరి

చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలంటారు. ఈ మాట ఆయన చిన్నప్పటి నుంచి ఎన్నో నోళ్లలో విన్నాడు గానీ, ఒక్క నోటి నుంచీ దానికి ఆధారం వినలేదు. పాము ఎంత పొడుగు, కర్ర ఎంత బరువు, బరువైన కర్ర ఎత్తి దించేలోగా పాము ఎంత దూరం పోతుంది, ఈ మూడు లెక్కల్లో ఒక్కటీ వేయకుండానే తరతరాల వాళ్లు తలలూపుతూ వచ్చారు. సామెత అంటే పరీక్షకు పెట్టని ఊహ అనీ, పరీక్షకు పెడితే సగం సామెతలు సాయంత్రానికి మిగలవనీ, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్కేళ్లు ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఆయన నమ్మకం. నమ్మకం అన్న మాట ఆయనకు గిట్టదు కాబట్టి అంచనా అందాం. ఆ అంచనాను రుజువు చేయడానికి ఆయన ఆరేళ్లు కూర్చుని ఒక చిన్న కర్ర చెక్కాడు. దాని ఆఖరి పరీక్ష ఇవాళ, ఈ ఆసుపత్రి రెండో అంతస్తులో, నేలకు మరలతో బిగించిన ఇనుప కుర్చీల వరసలో, ఎడమ నుంచి మూడోదానిలో, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని చేయబోతున్నాడు. గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది. పదకొండు దాటాక ఒక మెయిలు వస్తుంది. అందులో ఒక లింకు ఉంటుంది. ఆ లింకు వెనక ఆయన భార్య ఒంట్లోంచి తీసిన కణజాలం మీద రిపోర్టు ఉంటుంది. డాక్టరు ఒంటిగంటకు గాని పిలవడు. తెర మీద ఆయన రెండు కిటికీలు పక్కపక్కనే తెరిచి ఉంచాడు: కుడివైపున లోకమంతా వాడే బ్రౌజరు, ఎడమవైపున తాను రాసిన చదువరి. కీబోర్డు మీద ఒక చిన్న నోటుపుస్తకం, దాని మధ్యలో పెన్సిలు. ఒకే లింకు, ఒకే క్షణం, రెండు కర్రలు.

ఆమె నడవా చివరి గదిలో ఉంది, రక్తం ఇవ్వడానికి పిలిచారు. వెళ్తూ వెళ్తూ సంచీ పక్క కుర్చీలో పెట్టి, "నేనొచ్చేలోగా వస్తే తెరిచేస్తారని నాకు తెలుసు. తెరవండి. మొహం మాత్రం మార్చకండి, గుమ్మంలోంచే చదివేస్తాను" అంది. ముప్పై నాలుగేళ్లు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి అలాగే మాట్లాడుతుంది. ఆమెకు గోడ మీది నోటీసు, మందు సీసా మీది చీటీ, మొగుడి మొహం, అన్నీ దిద్దవలసిన కాగితాలే. అయితే మొహం మార్చడానికి లోపల ఏదైనా కదలాలి కదా అని ఆయన అనుకున్నాడు. పద్దెనిమిది రోజులుగా లోపల ఏదీ కదలడం లేదు. భయపడాలని తెలుసు. భయపడటానికి కావలసిన కారణాలన్నీ వరసగా పేర్చి చూసుకున్నాడు, లెక్క సరిపోయింది, భయం మాత్రం రాలేదు. నంబరు తిప్పాక లైను కలిసి, అవతల ఎవరో రిసీవరు ఎత్తి, ఏమీ మాట్లాడకుండా ఉంటే వినిపించే డొల్ల నిశ్శబ్దం ఒకటి ఉంటుంది. ఎక్స్ఛేంజిలో దాన్ని అందరూ ఎరుగుదురు. తప్పు లైనుది కాదు, వైరుది కాదు, అవతలి మనిషిది. ఆయనకిప్పుడు అవతలి మనిషి తానే.

టోకెన్ల బోర్డు మీద ఎర్ర అంకె నలభై ఏడు దగ్గర ఆగిపోయి చాలాసేపైంది. నేల తుడిచే మనిషి తడిగుడ్డను కుర్చీల కింద నుంచి లాగుతూ వస్తుంటే వరసంతా ఒక్కొక్కరే కాళ్లెత్తారు, ఆయనా ఎత్తాడు, ఆమె చెప్పుల సంగతి చూడాలని కిందికి చూసి, చెప్పులు ఆమె కాళ్లకే ఉన్నాయని గుర్తొచ్చి కాళ్లు దించాడు. కుడిపక్కన ఒక లావుపాటి లారీ డ్రైవరు ఫోనును ఒకసారి పైకెత్తి, ఒకసారి కిటికీ వైపు చాచి, చివరికి తొడ మీద బోర్లా పెట్టేశాడు. "నెట్టు ఊరికే ఇస్తున్నారని హాలంతా దీని మీదే పడ్డారండి. బావి ఒకటి, చేద ఒకటి, బిందెలు రెండొందలు" అన్నాడు. ఆయన తలూపాడు. "మా అత్తగారిని స్కానింగుకి తీసుకెళ్లారు. ఎముకలు ఫొటో తీస్తారట. ఇన్నేళ్లలో నాకైతే ఆవిడలో నోరొక్కటే కనబడింది" అన్నాడు డ్రైవరు మళ్లీ. నవ్వవలసిన చోటు అదని ఆయనకు తెలిసింది. కాస్త ఆలస్యంగా నవ్వాడు, ఆ ఆలస్యాన్ని కూడా కొలిచాడు, సెకనున్నర.

బావి ఒకటి, బిందెలు రెండొందలు. ఈ మాటే తాను ఆరేళ్ల కింద బావమరిదికి చెప్పాడు, ఇంత బాగా చెప్పలేకపోయాడు. చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు మొదలైంది అదంతా. కొండ వాలులో ఇల్లు, పెరటి మెట్టు మీద నిలబడితే తప్ప సిగ్నలు దొరకదు. ఆఖరి బస్సు ఎన్నింటికో చూద్దామని బస్సు కంపెనీ పేజీ తెరిచాడు. తెల్లటి తెర, దాని మధ్య ఒక చక్రం, ఆ చక్రం తిరుగుతూ తిరుగుతూ ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లోనే బస్సు ఇంటి ముందు నుంచే పోయింది, హారను కూడా కొట్టింది. "అన్నయ్యా, బస్సు వెళ్లిపోయింది. ఎప్పుడొస్తుందో ఇంకా చూస్తూనే ఉన్నావా?" అని చెల్లెలు వంటింట్లోంచి అడిగింది. ఇంటికొచ్చాక ఆ పేజీని విప్పి తూకం వేశాడు. పదకొండు వరసల బస్సు వేళలు. అక్షరాలూ అంకెలూ అన్నీ కలిపి తొమ్మిది వందల ఎనభై. వాటిని మోసుకొచ్చిన సరంజామా బరువు వాటికి ఎనిమిది వేల రెట్లు. ఒక ఉత్తరం ముక్క అందించడానికి తపాలా మనిషి గుర్రపుబండి కట్టుకుని, వెనక బ్యాండుమేళంతో, అత్తవారి తరపు బంధువులతో సహా ఇంట్లోకి వచ్చి, బీరువాలు వెతికి, వెళ్లేటప్పుడు ఒక మనిషిని గుమ్మం దగ్గర కాపలా పెట్టి పోతే ఎలా ఉంటుందో అలా ఉంది. అదే పెద్ద కర్ర. పాము ఏమో పదకొండు వరసలు.

అప్పుడు రాయడం మొదలుపెట్టాడు. మొదటి కాగితం మీద మూడు వాక్యాలు: పత్రం అడగాలి. పత్రం రావాలి. లైను వదలాలి. మాట అయిపోయాక రిసీవరు పెట్టేయడం మర్యాద. ఈ బ్రౌజర్లు పెట్టవు, చెవి దగ్గరే ఉంచుకుని మన ఊపిరి కూడా లెక్కపెడుతుంటాయి. పత్రాన్ని మనం చదవాలి గాని అది మనల్ని చదవకూడదు. కాబట్టి పత్రంతో పాటు వచ్చి మన యంత్రంలో తమంతట తామే నడిచే చిట్టి ప్రోగ్రాములకు ప్రవేశం లేదు. రంగులకు లేదు. రకరకాల లిపి సొగసులకు లేదు, అక్షరం ఏ రూపంలో కనబడాలో చదివేవాడు ఎంచుకుంటాడు. బొమ్మలకు లేదు. అక్షరం కానిదాన్ని దాటేయి: ఈ ఒక్క ఆజ్ఞను రాసిన రోజు ఆయనకు బాగా గుర్తు, ఆ మధ్యాహ్నం కిటికీ అద్దం మీద ఒక ఈగ పైకి పాకుతూ, జారుతూ, మళ్లీ పాకుతూ ఉంది. ఆ ఆజ్ఞతో వెయ్యి చిక్కులు ఒక్క దెబ్బతో విడిపోయాయి. మొత్తం ప్రోగ్రాము నాలుగు వేల వంద వరసలు, అచ్చు వేస్తే ఒక సన్నటి పుస్తకం. ఆమె నిజంగానే దాన్ని అచ్చు వేయించి, ఎర్ర పెన్సిలు పట్టుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా పధ్నాలుగు చోట్ల సున్నాలు చుట్టింది. వాటిలో అయిదు నిజంగా తప్పులే. కుండలీకరణం తెరిచి మూయని చోట్లు. "అర్థం కాకుండా ఎలా పట్టావు?" అంటే, "అర్థం చేసుకుంటూ చదివితే తప్పులు కనబడవండి, కన్ను తనే పూరించుకుపోతుంది. ముందు లెక్క, తర్వాతే చదువు" అంది.

దానికి చదువరి అని పేరు పెట్టాడు. ఆరేళ్లలో వాడిన వాళ్లు మొత్తం ఏడుగురు. ఏడో వాడు బావమరిది, ఆయన పోరు పడలేక వాడాడు. ఒకరోజు భోజనాల దగ్గర, "బావా, నీ చదువరిలో బొమ్మల్లేవు, రంగుల్లేవు, పాటల్లేవు, కదిలేది ఒక్కటీ లేదు. మా అక్క ఇన్నేళ్లు దేనితో కాపురం చేసిందో నాకిప్పుడర్థమైంది" అన్నాడు. ఆమె గరిటె కిందపెట్టి మరీ నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవడానికి ఆయన ఇప్పుడు ప్రయత్నించాడు. గరిటె గుర్తొచ్చింది, దాని పిడి దగ్గర ఊడిన మేకు గుర్తొచ్చింది, నవ్వు చప్పుడు రాలేదు. అక్షరం కానిదాన్ని దాటేయి. పది నలభై అయిదు.

ఆ ఆజ్ఞ మీదే ఇద్దరికీ వాదన. చిక్కుళ్లు ఒలుస్తూ అడిగింది ఆమె, అయిదేళ్ల కిందటి మాట. పేజీలో ఒక బొమ్మ ఉందనుకోండి, మీ చదువరి దాన్ని దాటేస్తుంది, బాగానే ఉంది, దాటేసిన చోట దాటేశానని చెబుతుందా? చెప్పదన్నాడు. ఎందుకు చెప్పదు? ఈ రోజుల్లో పేజీలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు చెత్తే, దాటేసిన ప్రతిచోటా ఒక సంజాయిషీ రాస్తే చదివేవాడు సంజాయిషీలే చదువుకోవాలి, పత్రం చదవక్కర్లేదు. ఆమె చిక్కుడు కాయ ఈనె తీసి పళ్లెం అంచున పెట్టి, "మా అచ్చాఫీసులో అయితే మిమ్మల్ని మొదటి రోజే ఇంటికి పంపేసేవాళ్లు. వరస పోయిన చోట గొడుగు వేయాలి" అంది. గొడుగంటే రెండు చిన్న గీతలు పైన కలిపి వేసే గుర్తు. ఇక్కడ ఏదో పోయింది, చూసుకోండి అని అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటరుకు చెప్పడానికి ప్రూఫులో వేస్తారు. ఆమె ఇంట్లో కిరాణా చీటీల్లో కూడా వేసేది. అప్పుడే ఆ పురుగుమందు పుస్తకం కథ చెప్పింది. రైతులకు పంచే పుస్తకం, మందు కలిపే పద్ధతి ఏడు మెట్లలో ఉంది. ప్రూఫులో అంతా చక్కగా ఉంది, ఒక్క అక్షరం తప్పు లేదు, చదివితే సాఫీగా పోతోంది. ఆమె అలవాటు ప్రకారం చదవకుండా ముందు మెట్లు లెక్కపెట్టింది. ఆరున్నాయి. మూతికి గుడ్డ కట్టుకోమన్న మెట్టు ఎక్కడో జారిపోయింది. జారిన చోట అతుకు కూడా కనబడలేదు, కంపోజిటరు అంకెలు కూడా సరిచేసి పెట్టాడు పాపం, చూడటానికి బాగుండాలని. "అన్నీ ఉన్నట్టు కనబడే కాగితమే అన్నిటికంటే ప్రమాదం" అంది. ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు ఆమె ఇంకొకటి అంది, అదే ఆయనకు గుచ్చుకుంది. "మీ ఎక్స్ఛేంజిలో కూడా లైను దొరక్కపోతే చెవిలో కూత వేసేవాళ్లు కదా? కలవలేదమ్మా, తర్వాత చెయ్యి అని. నోరు మూసుకుని ఊరుకునేవాళ్లా?" అది వేరు అన్నాడు. తర్వాత రోజు కూర్చుంటే, దాటేసిన చోట గుర్తు పెట్టడం ఏడు వరసల్లో అయిపోయే పని. కూర్చోలేదు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ చదువరికి కొత్త రూపం తెచ్చినప్పుడల్లా ఆమె ఒకే ఒక ప్రశ్న అడిగేది, "గొడుగు పెట్టారా?" అని. లేదనేవాడు. ఆమె చిక్కుళ్లో, బీరకాయలో, చేతిలో ఉన్న పని చూసుకునేది. ఈ ఏడాది రూపం వచ్చి రెండు వారాలైంది. ఈసారి ఆమె అడగలేదు. అడగలేదని ఆయన గమనించాడు కూడా.

ఒంట్లో సంగతి కూడా ప్రూఫులో తప్పు చూపించినట్టే చెప్పింది. పొద్దున పేపరు చదువుతుంటే వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని తన కుడిపక్కన, చంకకు కాస్త కింద ఆనించి, "ఇక్కడొకటి ఉన్నట్టుంది చూడండి" అంది. ఉంది. బఠానీ గింజంత, చర్మం కింద, జరిపితే జరగదు. అప్పుడు ఆయన వేలి కొసకు తగిలింది గింజ ఒక్కటే, మనిషి తగల్లేదు, దాని వ్యాసం ఎంతో కొలవాలనిపించింది. ఆ తర్వాత రెండు చోట్ల సూది పెట్టి ముక్కలు తీసిన రోజు ఆటోలో ఇంటికొస్తూ ఆమె కిటికీ వైపు తిరిగి దుకాణాల బోర్డుల్లో తప్పులు చదువుతూ కూర్చుంది. రాత్రి పట్టీలు మార్చింది ఆయనే. పెద్దది ఒకటి, చిన్నది ఒకటి, రెండు జానల దూరంలో. దూదితో తుడుస్తుంటే, "మీకు నర్సు పని బాగానే వచ్చు, అనవసరంగా టెలిఫోన్లలో చేరారు" అంది. మర్నాడు మందుల షాపులో రెండు రకాల పట్టీలు విడివిడిగా అడిగి కొన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ రిపోర్టు మాటే రాలేదు. ఏమవుతుందని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. తెలియని విషయం మీద మాట్లాడటం ఆయన పద్ధతి కాదు. ఆయన చేసిందల్లా, ఆసుపత్రి వాళ్ల పాత రిపోర్టు పేజీ ఒకటి తీసుకుని, చదువరి దాన్ని సరిగా చూపిస్తుందో లేదో చూడటం. చూపించింది. ఆ పేజీలో అక్షరాలు అక్షరాలుగానే ఉన్నాయి, మిగతాదంతా అలంకారం. ఆయన తృప్తిపడి నిద్రపోయాడు. నిద్ర పట్టింది. అదీ గమనించాడు.

పదకొండు. పదకొండూ రెండు. టోకెన్ల బోర్డు నలభై ఎనిమిదికి మారింది, ఎవరూ లేవలేదు. పదకొండూ నాలుగుకు మెయిలు వచ్చింది. లింకును రెండు కిటికీల్లోనూ పెట్టి, గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగి, రెండింటినీ ఒకేసారి వదిలాడు. కుడివైపు చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఎడమవైపు ఒకటి, రెండు, నల్లటి అక్షరాలు నిలబడ్డాయి. వచ్చిన అక్షరాల సంఖ్య అవతలి యంత్రం పంపుతానన్న సంఖ్యకు సరిపోయింది, చదువరి అడుగున ఆ సంగతి చెప్పింది: పత్రం పూర్తిగా అందింది. ఆమె పేరు, ఆమె వయసు, తేదీ. పరీక్షకు వచ్చిన నమూనాలు: రెండు. సూక్ష్మదర్శినిలో చూసిన వివరం. మొదటి నమూనా: కొవ్వు కణజాలం, పాత వాపు గుర్తులు, క్యాన్సరు కణాలు లేవు. కింద డాక్టరు పేరు, చదువులు. అంతే. ఒక అరచెయ్యంత.

"అబ్బో, మీది వచ్చేసిందే" అన్నాడు డ్రైవరు మెడ చాచి. "ఏం యంత్రమండీ అది?"

"యంత్రం మామూలుదే. చదివే ప్రోగ్రాము వేరు. నేనే రాశాను" అన్నాడాయన. ఆ మాటలో గర్వం ఉందేమోనని వెతుక్కున్నాడు. ఉంది, సన్నగా, చాలా దూరం నుంచి వినిపించే రేడియోలా. దాని వెనకే రావలసిన రెండోది, ఆమెకు ఏమీ లేదన్న ఊరట, అది రాలేదు. వస్తుందని కాసేపు ఆగాడు. ముందు రెండు సెకన్లు సంతోషపెట్టాయి, మనిషి తర్వాత. ఇది సిగ్గుపడవలసిన విషయమని కూడా తెలిసింది, తెలియడం దగ్గరే ఆగింది. నోటుపుస్తకం తెరిచి పెన్సిలుతో రాశాడు. పదకొండూ నాలుగు, చదువరి, రెండు సెకన్లు, పూర్తి పత్రం, ఏమీ లేదు. కుడివైపు కిటికీలో ఇంకా తెలుపే. దాన్ని మూసేయవచ్చు. ప్రయోగాన్ని మధ్యలో ఆపకూడదని మూయలేదు. పెద్ద కర్ర ఎన్ని నిమిషాలకు దిగుతుందో అంకె ఉంటేనే సామెతకు సమాధానం పూర్తవుతుంది.

ఆమె నడవాలోంచి వచ్చింది, మోచేతి మడతలో దూది అదిమి పట్టుకుని, నెమ్మదిగా, తడి నేల చూసుకుంటూ. గుమ్మంలోంచి ఆయన మొహం చూసింది. అందులో ఏమీ దొరకనట్టుంది, దగ్గరికొచ్చి సంచీ ఒళ్లోకి తీసుకుని కూర్చుని, "వచ్చిందా?" అంది.

"వచ్చింది. ఏమీ లేదు. చూడు" అని ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

ఆమె తొందరపడలేదు. సంచీలోంచి కళ్లజోడు పెట్టె తీసి, జోడు పెట్టుకుని, పైట కొంగుతో ఒక అద్దం మళ్లీ తుడుచుకుని, వేలు తెర మీద పెట్టింది. చదవడం లేదని ఆయనకు అర్థమైంది. వేలు వరస వరసకూ ఆగుతూ కిందికి దిగి, మళ్లీ పైకి వెళ్లి, ఒక చోట నిలబడింది. ఆ వేలును ఆయన కొన్ని వేల సార్లు చూశాడు.

"నమూనాలు రెండన్నారు. ఇక్కడ ఒకటే ఉంది" అంది.

"ఫైలు పూర్తిగా వచ్చింది. పంపిన అక్షరాలన్నీ వచ్చాయి, లెక్క సరిపోయింది."

"అక్షరాలొచ్చాయండి. నమూనా రాలేదు." వేలు తీయకుండానే అడిగింది, "మీవాడేమైనా దాటేశాడా?"

ఆయన తెర వైపు చూశాడు. రెండు పట్టీలు, పెద్దది ఒకటి, చిన్నది ఒకటి, రెండు జానల దూరంలో, తన చేత్తో తానే వేసినవి. మొదటి నమూనా వివరానికీ డాక్టరు పేరుకూ మధ్య అతుకు లేదు. ఏ వరసా జారినట్టు లేదు. దాటేసినవాటి పట్టిక ఎక్కడైనా రాసి పెట్టిందా అంటే పెట్టదు, పెట్టవద్దని చెప్పింది తానే. "దాటేసి ఉండొచ్చు. రెండోది వేరే ల్యాబుకి పంపి ఉంటారు. వాళ్లు కాగితం మీద ఇస్తే వీళ్లు దాన్ని ఫొటో తీసి అతికించి ఉంటారు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. ఎక్స్ఛేంజిలో కాలిన తీగె ఎక్కడుందో పైఅధికారికి చెప్పే గొంతు అది.

"అయితే దానికోసం చూద్దాం" అంది ఆమె కుడివైపు కిటికీ చూపించి. అయిదేళ్ల వాదనలో గెలిచిన వాళ్లు అనవలసిన మాటలు చాలా ఉన్నాయి, వాటిలో ఒక్కటీ అనలేదు. సంచీలోంచి బిస్కెట్ల పొట్లం తీసింది. రక్తం ఇవ్వడానికని పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఒకటి విరిచి సగం ఆయనకిచ్చింది. ఆయన నోట్లో పెట్టుకున్నాడు. అది బిస్కెట్టని తెలుసు. డ్రైవరు వంగి, "ఇందాకే వచ్చేసిందిగా సార్, ఇంకా దేనికి చూస్తున్నారు?" అన్నాడు. "సగమే వచ్చిందండి" అని ఆమె జవాబిచ్చి, పొట్లం అతనికి కూడా చాచింది. అతను ఒకటి తీసుకుని, "సగమొచ్చింది నయం, మా అత్తగారు లోపలికెళ్లి గంటన్నరైంది, ఆవిడింకా పూర్తిగానే అక్కడుంది" అన్నాడు. ఆమె నవ్వింది. చిన్నగా, ముక్కులోంచి. నవ్వు చప్పుడు ఇలా ఉంటుందన్నమాట అని ఆయన అనుకున్నాడు.

పదకొండూ పన్నెండుకు కుడివైపు కిటికీలో ఆసుపత్రి ముద్ర వచ్చింది. పధ్నాలుగుకు తెల్లకోట్లలో ముగ్గురు డాక్టర్లు నవ్వుతూ వచ్చారు, ముందు నుదుళ్లు, తర్వాత కళ్లు, తర్వాత పళ్లు. పంతొమ్మిదికి కొత్త భవనం. ఇరవై రెండుకు మూలలో ఒక బొమ్మ పైకి లేచి, మీకెలా సాయపడగలను అని అడిగి, చెయ్యి ఊపుతూ ఉండిపోయింది. అప్పుడు వచ్చింది ఎడమవైపు దాదాపు ఇరవై నిమిషాలుగా నిలబడి ఉన్న మొదటి నమూనా. దాని కింద ఒక బూడిదరంగు గడి, ఖాళీగా, ఒక కాగితం పట్టేంత. ఎడమవైపు కిటికీలో ఆ చోట ఏమీ లేదు, ఒక వరస ఎడం కూడా లేదు. ఆయన రెండు కిటికీలనూ మార్చి మార్చి చూశాడు. ఏడు వరసలు. వాటిని ఇప్పుడు మనసులోనే రాయగలడు, రాశాడు కూడా, ఒకటి, రెండు, మూడు, ఏడో వరసలో కుండలీకరణం మూశాడు. గడిలో పై అంచు నుంచి కాగితం దిగడం మొదలైంది, వేలెడంత చొప్పున. వేరే ల్యాబు పేరు, కాస్త వంకరగా. ఒక రబ్బరు స్టాంపులో సగం. ఆమె పేరు, ఎవరిదో చేతిరాత, ఒక అక్షరం తప్పు. ఆమె వేలు అలవాటుగా లేచి, ఆ తప్పు మీదికి పోబోయి, వెనక్కి వచ్చి ఒళ్లో పడింది. రెండో నమూనా అన్న మాట వచ్చింది. దాని కింద వరస వచ్చింది. స్టాంపులో రెండో సగం వచ్చింది. చక్రం ఆగింది.

ఆమె చివరి వరస దాకా చదివింది, ఈసారి చదివింది. కళ్లజోడు తీయలేదు. చెయ్యి చాచి కీబోర్డు మీది నోటుపుస్తకం తీసుకుంది, పెన్సిలు తీసుకుంది. ఆయన రాసిన వరసలో పూర్తి అన్న మాటను ఒక అడ్డగీతతో కొట్టేసింది. పత్రం అన్న మాటకూ ఏమీ లేదు అన్న మాటకూ మధ్య గొడుగు వేసి, పైన చిన్న అక్షరాలతో మొదటి నమూనాలో అని రాసింది. ఆ కింద ఇంకో వరస రాసి, పుస్తకం ఆయన ఒళ్లో పెట్టింది. పదకొండూ ఇరవై ఏడు, బ్రౌజరు, ఇరవై మూడు నిమిషాలు, పూర్తి పత్రం, రెండో నమూనాలో ఉంది.